పొడి ఏట్లో పద్నాలుగు మంచాలు

అరేబియాలో నదులు లేవు. ఈ ముక్కను ఆరేళ్ళపాటు పిల్లలచేత వల్లె వేయించాను. ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పేదాన్ని. పరీక్షలో ఖాళీ పూరించలేని పిల్లల అరచేతుల మీద స్కేలుతో వడ్డించాను కూడా. ఆ పాఠం రాసిన పెద్దమనిషి ఎవరో నాకు తెలియదు. ఎదురైతే మాత్రం కూర్చోబెట్టి అడుగుతాను: నువ్వు వెళ్ళి చూశావా నాయనా, చూస్తే ఏ నెలలో చూశావు, ఎన్నాళ్ళు ఉండి చూశావు అని.

నేను చూశాను. అది నిద్రపోతున్నప్పుడు చూశాను, లేచినప్పుడూ చూశాను.

ఎనభైల చివర్లో మా బడి మూతపడింది. మా ఆయన అప్పటికే ఒమాన్‌లో, మస్కట్ దగ్గర అల్ హైల్‌లో ఒక వర్క్‌షాపులో మెకానిక్కు. ఆయనే వాకబు చేసి బర్కాలో ఒక ఒమానీ ఇంట్లో నాకు పని చూశాడు. వంట, ఇల్లు ఊడ్చడం, ముఖ్యంగా ఆ ఇంటాయన తల్లిని కనిపెట్టుకుని ఉండడం. జాగ్రఫీలో బి.ఏ. చదివి అరబ్బుల ఇంట్లో గిన్నెలు తోమడానికి పోయిందని మా వైపువాళ్ళు ఇప్పటికీ మూతి తిప్పుతారు. తిప్పుకోనీ, నొప్పి పుట్టేది వాళ్ళ మూతులకే. మూడేళ్ళు కాలేజీలో చదివినదాని కన్నా ఎక్కువ జాగ్రఫీ ఆ గిన్నెలు తోముతూ, సంతకం కూడా రాని ముసలావిడ దగ్గర నేర్చుకున్నాను.

ఆవిడకు ఎనభై దాటి ఉంటాయి. భర్త బతికున్న రోజుల్లో పడవలో ఖర్జూరాలు వేసుకుని బొంబాయి వెళ్ళొచ్చేవాడట. ఆవిడా రెండుమూడుసార్లు వెళ్ళింది. అక్కడ పట్టుకొచ్చిన హిందీ ఆవిడ నోట్లో అరబ్బీతో కలిసి కొత్త భాష అయి కూర్చుంది. అందులో మర్యాదలు లేవు. కొడుకూ నువ్వే, పోలీసాయనా నువ్వే, దేవుడూ నువ్వే.

ప్రతి వేసవిలో, ఖర్జూరం పండే రోజులకు, ఆవిడ బర్కాలోని చల్లటి గదులు వదిలి పుట్టిన ఊరికి పోయేది. వెంట నేను. పికప్‌లో గంటన్నర ప్రయాణం. దారి అంటూ వేరే లేదు, ఏటి గులకరాళ్ళే దారి. దేశానికి ఉత్తరపు కొసన కొండల వరస ఒకటి ఉంది. ఆ కొండల నడుమ ఎక్కడో మొదలై, గొంతు లాంటి సందుల్లోంచి దూరి, వెడల్పయి, ఇంకా ఉత్తరానికి నడిచి బర్కా దాపులో సముద్రాన్ని వెతుక్కునే ఏరు అది. అక్కడివాళ్ళు వాదీ అంటారు. ఏడాదిలో మూడు వందల అరవై రోజులు అందులో నీళ్ళుండవు. ఉండవు అనడం కూడా తప్పే. పైకి కనపడవు. కొండ మొదట్లో రాళ్ళ కింద ఊరే నీటిని సన్నటి కాలువలో పట్టి ఊళ్ళోకి తెచ్చుకుంటారు. ఆ కాలువను ఫలజ్ అంటారు. ఎవరి తోటకు ఎంతసేపు నీళ్ళు అనేది ఊరు ఊరంతా కలిసి ఏనాడో పంచుకుంది. మా కడప వైపు పాపాఘ్ని ఏట్లో ఇసుక తవ్వి చెలమలోంచి కడవ ముంచుకునే ఊళ్ళో పుట్టినదాన్ని కాబట్టి నాకు ఇదంతా వింతగా అనిపించలేదు. మా ఏరూ అంతే. కనపడదు, కానీ ఉంటుంది.

ముసలావిడకు సంవత్సరాలు అంకెల్లో తెలియవు. ఏటిని బట్టి చెప్పేది. ఒంటెలు కొట్టుకుపోయిన ఏరు. నిమ్మచెట్లు పోయిన ఏరు. 'నా పెళ్ళికి అడ్డం వచ్చిన ఏరు, మూడురోజులు పెళ్ళికొడుకు అవతలి ఒడ్డునే కూర్చున్నాడు.' ఊరు ఒకప్పుడు ఇంకా కింద ఉండేదట. ఆవిడ తాతల నాటి గోడలు మట్టిదిబ్బలుగా ఇంకా కనిపిస్తాయి. ఒకసారి ఏరు వచ్చి అడిగింది, ఊరు లేచి పైకి జరిగింది, అంతే అనేది. పైన ఊళ్ళో వాన కనపడితే మగవాళ్ళు కొండ మీంచి కేక వేసేవాళ్ళట. ఆ కేక విన్న కింది ఊరు తన కింది ఊరికి కేక వేసేది. 'ఇప్పుడు అందరికీ కార్లొచ్చాయి, కేకలు పోయాయి' అని నవ్వేది. కారులో కూర్చున్నవాడికి కేక ఎక్కడ వినిపిస్తుంది?

ఆ ఏటికి ఒక పేరుంది. ఇక్కడ రాయను. ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయేది ఒక మనిషి సంగతి, ఆ మనిషిని ఎవరూ వెతుక్కుంటూ వెళ్ళడం నాకు ఇష్టం లేదు.

పంతొమ్మిది వందల తొంభై దాటాక ఒక వేసవిలో మేం ఊరికి వెళ్ళేసరికి ఏట్లో మూడు రేకుల క్యాబిన్లు దిగి ఉన్నాయి. కొండ ఊళ్ళకు రోడ్డు వేస్తున్నారు. ఆ రోడ్డు కంపెనీ లేబర్ క్యాంపు అది. చదునుగా ఉంది, ఎవరి తోటా కాదు, తవ్వే పని లేదు, లారీ నేరుగా వచ్చి దింపేసింది. పద్నాలుగు మంది మనుషులు. అందరూ కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి వచ్చినవాళ్ళు. వాళ్ళు ఫలజ్ దగ్గర నీళ్ళు పట్టుకోవడానికి వచ్చినప్పుడు నేను అంట్లు తోముతున్నాను. వాళ్ళ మాట చెవిన పడగానే చెయ్యి ఆగిపోయింది.

"యాడోళ్ళు నాయనా మీరు?" అన్నాను.

ముందు నడుస్తున్నాయన బిందె దింపాడు. నలభై అయిదేళ్ళుంటాయి, నెత్తికి తువ్వాల. రాతిపని మేస్త్రీ. "మాది ధర్మపురి దిక్కు చెల్లె. గోదారొడ్డు. నువ్వు కడపదానివా? మాటల కారం తెలుస్తున్నది" అన్నాడు.

అప్పటినుంచి నేను ఆయనకు చెల్లె, మిగతావాళ్ళకు అక్క. నేను చట్నీ పంపితే వాళ్ళు ఊరి నుంచి తెచ్చుకున్న మామిడి తొక్కు పంపేవాళ్ళు. అంతా బాగానే ఉంది, వాళ్ళు పడుకునే చోటు తప్ప.

"అన్నా, ఏట్లో పండుకుంటారా ఎవరైనా?" అన్నాను రెండోరోజే.

"ఏరేడున్నది చెల్లె? ఇసుకున్నది, రాళ్ళున్నయి."

"మా పక్క ఏరు ఇట్లనే ఉంటాది. పగలు దాంట్లో నడిచిపోయినోడు సాయంత్రం అవతలనే నిలబడి కూతేస్తాడు."

ఆయన నన్ను చూసి జాలిగా నవ్వాడు. గోదావరి ఒడ్డు మనిషికి ఏటి గురించి కడప మనిషి చెప్పడమేమిటనే నవ్వు అది. నవ్వి, నన్ను క్యాంపుకు కొంచెం ఎగువన ఉన్న మడుగు దగ్గరికి తీసుకెళ్ళాడు. రాళ్ళ మధ్య మోకాలి లోతు నీళ్ళు, చిన్న చిన్న చేపలు. నీటి అంచున ఒక పుల్ల గుచ్చి ఉంది. పుల్ల మీద కత్తితో గాట్లు.

"వచ్చిన దినమే గుచ్చిన. పొద్దుగాల లేవంగనే చూస్త. మా తాన గోదారి లేస్తదంటే ముంగట గిట్లనే పుల్లలు గుచ్చుతం. గాటు మునిగిందా, సామాను సర్దుడే. రెండు దినాలు ముందుగాలనే ఎరుకైతది. నాకు తెల్వదా చెల్లె?"

నాకు ఒళ్ళు మండింది. ఆయన మూర్ఖుడై కాదు. ఆయన తెలివైనవాడై ఉండడం వల్ల. ఏ జాగ్రత్తా తీసుకోనివాడికి నచ్చజెప్పొచ్చు. తప్పు జాగ్రత్త తీసుకుని హాయిగా నిద్రపోయేవాడికి ఎట్లా చెప్పను? గోదావరి పెద్దింటి ఆడబిడ్డ. వచ్చేముందు కబురు పెడుతుంది, గుమ్మంలో ఆగుతుంది, మెట్టు మెట్టు ఎక్కుతుంది. ఈ ఏరు అలాంటిది కాదు. దీనికి గాట్లు లెక్కపెట్టే తీరిక ఉండదు.

చెప్పాను. నోరు నొప్పి పుట్టేదాకా వాదించాను. వెనక ఉన్న కుర్రమనుషులు "అక్క జబర్దస్త్ లొల్లి పెడుతది" అని నవ్వారే గానీ కదల్లేదు.

ముసలావిడ వాదించలేదు. మర్నాడు కర్ర పట్టుకుని, నా భుజం ఆసరా చేసుకుని ఏట్లోకి దిగింది. క్యాబిన్ల పక్కన కారంత రాయి ఒకటి ఉంది, నల్లటి ఆకుపచ్చది. దాని నీడలోనే వాళ్ళు పొయ్యి పెట్టుకున్నారు. ఆవిడ కర్రతో రాయిని తట్టి, ఒడ్డున ఉన్న కొండను చూపించి, మేస్త్రీని అడగమంది: "నువ్వు రాళ్ళు కొట్టేవాడివట కదా. ఇది ఈ కొండదేనా?"

ఆయన రాయి చుట్టూ తిరిగాడు. అరచెయ్యి ఆనించి చూశాడు. సుత్తితో మూల మీద చిన్నగా కొట్టి, రాలిన పెంకు తీసి కళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. ఒడ్డుకు వెళ్ళి అక్కడి తెల్లటి రాయి పెంకు ఒకటి తెచ్చాడు. రెండూ రెండు చేతుల్లో పట్టుకుని ఎండకు తిప్పి చూశాడు.

"గిది ఈడిది గాదు" అన్నాడు చివరికి. "గీ రాయి నేను పైన రోడ్డు కాడ చూసిన. పన్నెండు కిలోమీటర్ల మీద."

"ఎవరు తెచ్చారో అడుగు" అంది ముసలావిడ.

అడగాల్సిన పని పడలేదు. ఆయన రాయిని చూస్తున్నాడు, తర్వాత రేకుల క్యాబిన్లను చూస్తున్నాడు. ఇంత రాయిని బంతిలా దొర్లించుకు వచ్చినది ఆ రేకులను ఏం చేస్తుందో రాతిమనిషికి నేను విప్పి చెప్పాలా?

ఆ సాయంత్రమే ఆయన ఇంజనీరును అడిగాడు. క్యాంపు పైకి మార్చమని. ఇంజనీరు ఎవరో కాదు, మనవాడే, కోస్తా మనిషి. వారానికి రెండుసార్లు జీపులో వచ్చేవాడు. కుదరదన్నాడట. నేను ఊరుకుంటానా? మర్నాడు జీపు ఆగగానే పోయి నిలబడ్డాను, చేతికంటిన పిండి కూడా కడుక్కోకుండా.

ఆయన మర్యాదగానే మాట్లాడాడు. ఆ మర్యాదే నాకు ఇప్పటికీ అరగదు. "చూడండమ్మా, మీ ఆదుర్దా నాకు అర్థమైందండి. పైన అంతా రాతి నేల. చదును చెయ్యాలంటే బుల్డోజర్ కావాలి. అది రోడ్డు పనిలో ఉంది. మూడు నెలల పనికి అంత హడావిడి ఎందుకండి?" అని జీపు బానెట్ మీద మ్యాపు పరిచాడు. "ఇదిగో చూడండి. ఇక్కడ నది ఉంటే నీలం గీత ఉండాలా వద్దా? ఇది ఒట్టి చుక్కల గీత."

"చుక్కల గీతంటే ఏమిటో మీకు తెలుసా సార్?" అన్నాను. "ఎప్పుడో ఒకసారి పారే ఏరని. ఎప్పుడో చెప్పలేం కాబట్టే చుక్కలు పెట్టారు."

ఆయన మ్యాపు మడిచాడు. "మీరు వంట చూసుకోండమ్మా, రోడ్డు మేం చూసుకుంటాం" అన్నాడు నవ్వుతూ. పక్కనున్న సూపర్‌వైజరు కూడా నవ్వాడు. ఇద్దరూ చదువుకున్నవాళ్ళే. నేను చదివిన మ్యాపే ఆయనా చదివాడు. ఒకే చదువు ఆయన నోట్లో ఇంజనీరింగు అయింది, నా నోట్లో పనిమనిషి వాగుడు అయింది. ఆడదాని చేతిలో పిండి ఉంటే బుర్రలో కూడా పిండే ఉంటుందని ఈ మగవాళ్ళకు ఏ కాలేజీలో నేర్పిస్తారో.

మేస్త్రీ ఇక ఎవర్నీ అడగలేదు. ముసలావిడ తన ఖర్జూరాల కొట్టు ఖాళీ చేయించి ఇచ్చింది. ఊరి పైభాగంలో పాత మట్టి గది. దాని ముందు కాయలు ఆరబోసే బండ. ఆ రాత్రికల్లా పద్నాలుగు మంచాలూ, పెట్టెలూ, మామిడి తొక్కు సీసాలూ ఎక్కించారు. నాలుగు రోజులు అక్కడే పడుకున్నారు.

అయిదో రోజు ఇంజనీరు వచ్చి క్యాబిన్లు ఖాళీగా ఉండడం చూశాడు. లేబరు బయటివాళ్ళ ఇళ్ళల్లో పడుకుంటే పోలీసు కేసవుతుందన్నాడు. కంపెనీ రూల్ అన్నాడు. ఎవడు తీసుకెళ్ళాడో చెప్పమన్నాడు.

"నేనే సార్" అన్నాడు మేస్త్రీ.

"నీకు క్యాన్సిల్. టికెట్ రాగానే వెళ్ళిపో. మిగతావాళ్ళు ఈ పూటే కిందికి దిగాలి."

క్యాన్సిల్ అంటే వీసా రద్దు. రెండేళ్ళ ఒప్పందం మీద వచ్చి ఏడాది నిండకుండా ఇంటికి పోవడం. మిగతా పదముగ్గురూ మేస్త్రీ ముఖం చూశారు. "దిగుండ్రి" అన్నాడాయన. "నేనెట్లైన పోయేటోన్నే. మీరు ఉండాలె." మంచాలు ఒక్కొక్కటే దిగిపోయాయి. ఆయన కూడా దిగాడు, టికెట్ వచ్చేదాకా ఎక్కడుండాలి మరి? నేను గడపలో నిలబడి తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం పద్ధతి కాదు. ముసలావిడకు తెలుగు రాదు గానీ, మధ్యలో ఒకసారి "బాగా తిట్టావు" అంది.

ఆ వచ్చిన శుక్రవారం డ్యూటీ లేదు. వాళ్ళు పొట్టేలు మాంసం తెచ్చుకుని వండుకున్నారు. వాసన ఊరిదాకా వచ్చింది. మధ్యాహ్నం మూడు గంటల వేళ, ఎండ నిప్పులు చెరుగుతోంది, ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు. నేను ఖర్జూరాలు తిరగేస్తున్నాను. ముసలావిడ దక్షిణాన కొండ వైపు చూస్తూ ఉన్నట్టుండి లేచి నిలబడింది. ఆసరా లేకుండా ఆవిడ లేవడం నేను చూసింది అదే మొదటిసారి. రెండు శిఖరాల నడుమ చాలా దూరంలో కాటుక గీసినట్టు ఒక నల్లటి మరక.

"పో" అంది. "పిలుచుకురా."

చెప్పులు ఎక్కడ జారాయో తెలీదు. గులకరాళ్ళ మీద ఉత్త కాళ్ళతో పరిగెత్తాను. వాళ్ళు కంచాల ముందు కూర్చున్నారు.

"లెయ్యండి. పైన వాన పడతాంది, ఏరొస్తాది. లెయ్యండి నాయనా."

ఒకడు చేతిలో ముద్ద అట్లాగే పట్టుకుని పైకి చూశాడు. "గింత ఎండ గొడ్తుంటే వానేందక్కా? కూసో, నువ్వు గూడ తిను."

"ఎండ నీ నెత్తిన గొడ్తాంది రా, ఆ కొండ నెత్తిన కాదు."

"మళ్ళ ఆ ఖర్జూరాల కొట్టుకాడికి పోతే ఇంజనీరు మమ్ముల గూడ పంపిస్తడక్కా" అన్నాడు ఇంకొకడు. వాడిది కోపం కాదు, భయం. నిజమైన భయం. నీళ్ళకన్నా ఇంజనీరుకు ఎక్కువ భయపడేట్టు చేశారు చూడండి, దానికి వాళ్ళను నేను ఈరోజుకీ క్షమించలేను.

మేస్త్రీ లేచాడు. ఏమీ అడగలేదు. మాంసం గిన్నెకు తువ్వాల చుట్టి ఎత్తుకున్నాడు. "కూర నా తాన ఉన్నది. తినాల్నంటే నా ఎంట రావాలె" అని నడిచాడు. నవ్వుకుంటూ, గొణుక్కుంటూ కంచాలు చేతపట్టుకునే ఎక్కారు. చివరివాడు చెయ్యి కడుక్కోవడానికి ఆగితే నేను చొక్కా పట్టి లాగాను.

మేం కొట్టు ముందు బండ ఎక్కి ఊపిరి తీసుకున్నాం. వాళ్ళు మళ్ళీ తినడం మొదలుపెట్టారు. కొందరు రెండోసారి వడ్డించుకున్నారు కూడా. నన్ను ఆటపట్టించారు. అప్పుడు ముందుగా చప్పుడు వచ్చింది. దూరంగా లారీలు కంకర దింపుతున్నట్టు, ఆగకుండా. తర్వాత వాసన, తడి మట్టిది. తర్వాత మలుపులోంచి అది వచ్చింది. నీళ్ళలా రాలేదు. గోధుమరంగు గోడ, ముందర కర్రలూ ఎండు మట్టలూ నురగా తోసుకుంటూ వచ్చింది. మడుగు ఎక్కడుందో తెలియలేదు. మొదటి క్యాబిన్ ఒక్కసారి పక్కకు తిరిగి, పడవలాగా కాసేపు తేలి, ఆ నల్ల రాయికి కొట్టుకుని కాగితంలా మడిచిపోయింది. మిగతా రెండూ అంతసేపు కూడా ఆగలేదు. మా మీద ఎండ కొడుతూనే ఉంది.

అందరూ లేచారు. ఎంగిలి చేతులతో నిలబడి చూశారు. చెయ్యి కడుక్కోవడానికి ఆగినవాడు కింద కూలబడి ఏడ్చాడు.

ముసలావిడ మాత్రం, "వచ్చింది" అంది, చుట్టం వచ్చినట్టు.

ఏరు రెండు రోజులకు మళ్ళీ పడుకుంది. మూడో రోజు ఇంజనీరు వచ్చాడు. మనుషుల్ని లెక్కపెట్టుకున్నాడు, ముఖం తెల్లబడి ఉంది. ఆ ఒక్క గంట నాకు ఆయన మీద కాస్త జాలి కలిగిన మాట నిజం. ఆ జాలిని ఆయనే చేతులారా చెరుపుకున్నాడు. హెడ్డాఫీసుకు పంపిన రిపోర్టులో వాతావరణం గమనించి లేబర్‌ను సకాలంలో ఎత్తు ప్రదేశానికి తరలించినట్టు రాశాడు. తరలించినది ఎవరో రాయలేదు. నాకు చూపించినది సూపర్‌వైజరే, జీపు దగ్గర నన్ను చూసి నవ్వినవాడే. "మీరు ఇంగ్లీషు చదువుతారు కదా" అని తలవంచుకుని చేతికిచ్చాడు. బుల్డోజర్ రెండు గంటల్లో వచ్చింది. రాతి నేల ఒక్క పూటలో చదునైంది. కొత్త క్యాబిన్లు పైన దిగాయి.

మేస్త్రీ క్యాన్సిల్ మాత్రం రద్దు కాలేదు. కాగితం ఆఫీసు దాటి పోయిందట, వెనక్కి రాదట. ఏరు వెనక్కి పోతుంది గానీ కాగితం పోదు. జీపు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఈసారి చేతులు కడుక్కునే వెళ్ళాను, ఏమీ తేడా పడలేదు.

వెళ్ళే ముందురోజు పొద్దున ఆయన కొట్టు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "చెల్లె, ఒక ఉత్తరం రాసియ్యి. నేను పోంగనే ఊళ్ళె అడుగుతరు. దొంగతనం జేసిండనో, తాగిండనో అంటరు. నా పెద్ద బావకు చూపిస్త, ఆయన చదివి నలుగురికి చెప్తడు."

నేను కూర్చుని రాశాను. ఏరు ఎక్కడ పుట్టిందీ, ఎట్లా వస్తుందీ, రాయి ఎక్కడిదీ, ఇంజనీరు ఏమన్నదీ, ఏం చేసిందీ, రిపోర్టులో ఏం అబద్ధం రాసిందీ, అంతా. మూడు కాగితాలయ్యాయి. చదివి వినిపించాను. ఆయన తలవంచుకుని విన్నాడు.

"మంచిగున్నది. ఇంజనీరు సంగతి కొట్టేయి" అన్నాడు.

"ఎందుకు కొట్టేయాల? తప్పు ఆయనది."

"మా ఊరోడు ఒకడు ఈడనే ఉన్నడు. ఆయన కిందనే. ఉత్తరం పది చేతులు మారుతది, మాట ఈడికి రాదంటవా? పదముగ్గురు ఇంకా ఆయన కాడ డ్యూటీ జెయ్యాలె చెల్లె."

"మరి నిన్నెందుకు పంపినారని రాయాల?"

"చెప్పిన కాడ పండుకోలేదని రాయి" అన్నాడు. "గది నిజమే గదా."

జీవితంలో ఎవరికీ తగ్గనిదాన్ని, ఆయనకు తగ్గాను. ఇంజనీరు ఉన్న వాక్యాలన్నీ ఒక్కొక్కటే కొట్టేశాను. మూడు కాగితాలు ఒక కాగితం అయ్యాయి. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆ పదముగ్గురి ఒప్పందాలు ముగిసి వాళ్ళు ఇళ్ళకు చేరి చాలాకాలమైంది. ఇక ఆ ఇంజనీరు కింద వాళ్ళలో ఎవరూ లేరు. అందుకని ఆ కొట్టేసిన వాక్యాలు ఇక్కడ రాసేశాను.